తెల్లకాగితం మీద రెండెకరాలు

కొత్తగా నల్లకోటు కుట్టించుకున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతారు. గెలిచిన కేసు చెబుతాననే వాళ్ళ నమ్మకం. నేను చాయ్ ఇప్పించి, ఏదో ఒక పత్తిమిల్లు తగాదానో ఫంక్షన్ హాలు లీజు గొడవనో కాస్త మసాలా వేసి చెప్పి పంపిస్తాను. కొత్తకోట సంగతి మాత్రం ఇంతవరకు ఎవరికీ నోరు విప్పి చెప్పలేదు. రాయడం నయం. రాసేటప్పుడు ఎదుటివాళ్ళ ముఖం చూడాల్సిన పని లేదు.

నేను మహబూబ్‌నగర్‌లో, అంటే మా పాలమూరులో, ముప్పై ఏళ్ళకు పైగా వకీలుగా పనిచేశాను. అయితే కోర్టులో గొంతు చించుకునే రకం కాదు. గోదాముకో, పెట్రోలు బంకుకో, రైస్ మిల్లుకో ఎవరైనా భూమి కొనాలనుకుంటే దాని కాగితాలన్నీ తెచ్చి నా బల్ల మీద పడేసేవాళ్ళు. అవి చదివి, ఆ భూమి కొనవచ్చో కొనకూడదో రాసి సంతకం పెట్టడం నా పని. దాన్నే మేము ఒపీనియన్ అంటాం. తెలంగాణ వచ్చాక బెంగుళూరు రోడ్డు పక్కన రాయీరప్పా అన్నిటికీ గిరాకీ పెరిగింది. నాకు భోజనం చేయడానికి కూడా తీరిక ఉండేది కాదు. "నా ఒపీనియన్ ఒక్కటి కూడా ఇప్పటిదాకా తప్పు కాలేదు" అని కోర్టు క్యాంటీన్‌లో ఎన్నిసార్లు అన్నానంటే, నేను "నా ఒపీనియన్" అనగానే మిగతాది అక్కడున్నవాళ్ళే పూర్తిచేసేవారు. వాళ్ళు వెక్కిరిస్తున్నారని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అప్పట్లో నా దగ్గర నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి జూనియరుగా ఉండేది. ప్రతి కాగితం రెండుసార్లు చదివేది. నాకదే చిరాకు. నేను ఒక్కసారి చూస్తే చాలు కదా అని నా ధీమా.

హైదరాబాదు కంపెనీ ఒకటి కొత్తకోట దగ్గర పెద్ద గోదాము కట్టాలనుకుంది. రోడ్డుకు ఆనుకుని ఇరవై ఎకరాలు చూశారు. అమ్మేది ఆ ఊరి పాత పటేలు కొడుకు. తండ్రి పోయాక భూమి అతని పేరు మీదికి వచ్చింది. కొత్త పాసుబుక్కు ఉంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో వెతికిస్తే ముప్పై ఏళ్ళలో ఆ భూమి ఒక్క గుంట కూడా ఎవరికీ అమ్మినట్టు లేదు. ఇంతకన్నా శుభ్రమైన ఫైలు నేను చూడలేదనుకున్నాను.

మా జూనియరు మాత్రం పాత పహాణీలు తిరగేస్తూ కూర్చుంది. ఏ చేనుకు పట్టాదారు ఎవరు, నిజంగా సాగు చేస్తున్నది ఎవరు అని ఊరి లెక్కల్లో ఏటా రాసేదే పహాణీ.

"సార్, ఇందులో రెండెకరాలకు సాగు గడిలో వేరే పేరుంది. పద్దెనిమిదేళ్ళు వరసగా అదే పేరు."

"కొత్త పాసుబుక్కులో ఉందా?"

"అందులో సాగు గడే లేదు కద సార్."

"గడే లేనప్పుడు గొడవేముంది? ఎవరో కౌలుకు చేసుకుని ఉంటారు. వదిలెయ్."

ఆమె వదల్లేదు. ఒపీనియన్ చిత్తుప్రతిలో ఆ రెండెకరాల గురించి ఒక పేరా రాసిపెట్టింది. నేను ఎర్రపెన్ను తీసి దాన్ని అడ్డంగా కొట్టేశాను. కంపెనీవాళ్ళను ఊరికే భయపెట్టడం ఎందుకని నా ఉద్దేశం. "ఒకసారి చేనులకు పోయి అడిగొద్దాం సార్" అంటే సరేనని బయల్దేరాను గానీ అది మే నెల. కారు దిగి రోడ్డు మీద రెండు నిమిషాలు నిలబడ్డాను. భూమి బేరం కుదిర్చిన బ్రోకరు చెయ్యి చాపి, "గా తుమ్మచెట్ల కాడికెల్లి గీ కాలువ దాంక అంత మనదే సార్" అన్నాడు. దూరంగా ఒక మూల రేకుల కప్పు, దాని చుట్టూ కాస్త పచ్చదనం కనిపించాయి.

"అదేంది?" అని జూనియరు అడిగింది.

"పాత పశువుల కొట్టం మేడం."

నేను కారెక్కి కూర్చున్నాను. తర్వాత జిల్లా పేపరులో అభ్యంతరాలుంటే తెలపమని ప్రకటన వేయించాం. ఎవరూ రాలేదు. అన్నీ సవ్యంగా ఉన్నాయి, కొనవచ్చు అని రాసి సంతకం పెట్టేశాను. కంపెనీ కొనేసింది.

మరుసటి ఏడు వానలు మొదలయ్యే ముందు ఒక పొద్దున కంపెనీ మేనేజరు నుంచి ఫోను వచ్చింది. చాలా నెమ్మదస్తుడు, ఆ రోజు మాత్రం గొంతు కీచుమంటోంది.

"సార్, మీరు వెంటనే రావాలి. ఒక ముసలామె వచ్చి జేసీబీ బకెట్‌లో కూర్చుంది."

"ఎక్కడ కూర్చుంది?"

"మట్టి తోడే బకెట్‌లో సార్. దిగమంటే దిగదు. డ్రైవరు తాళంచెవి తీసి పారిపోయాడు. ఆమె దగ్గర ఏదో కాగితం ఉందట. చదువుకున్న వకీలు వస్తేనే చూపిస్తానంటోంది."

జూనియరును తీసుకుని పరుగున వెళ్ళాను. మొదటి దెబ్బ అక్కడే తగిలింది. బ్రోకరు చూపించిన పశువుల కొట్టానికి తలుపు ఉంది. తలుపు పక్కన ఇంటి నంబరు రేకు, కరెంటు మీటరు ఉన్నాయి. గడప ముందు చాప మీద మిరపకాయలు ఎండుతున్నాయి. వెనకాల సిమెంటుతో కట్టిన సమాధి, దాని మీద చిన్న సిలువ. ఇదంతా రోడ్డుకు రెండు వందల అడుగుల దూరంలో ఉంది. నేను నడవని రెండు వందల అడుగులు.

ఆమె నిజంగానే బకెట్‌లో కూర్చుని ఉంది. కొంగు తల మీదుగా కప్పుకుని, కాళ్ళు ముడుచుకుని, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినంత నిదానంగా ఉంది.

"నువ్వేన సారూ వకీలువు?"

"అవునమ్మా."

"గట్లయితే దిగుత. గీళ్ళంత నన్ను లెవ్వు లెవ్వు అంటుండ్రు గని, కాయితం ఏంది అని ఒక్కడన్న అడుగుతలేడు."

మా జూనియరు చెయ్యి అందిస్తే పట్టుకుని దిగింది. ఇంట్లోకి వెళ్ళి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి, అందులోంచి కాగితం తీసి రెండు చేతులతో నాకిచ్చింది. కొత్తకోట జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించిందట. రిజిస్ట్రీ ఖర్చు, తిరుగుడు పడలేక మామూలు కాగితం మీద రాసుకున్న అమ్మకం అది. మా దిక్కు దాన్ని తెల్లకాగితం అంటారు. అలాంటివి నేను వందలు చూశాను. పటేలు రెండెకరాలు ఆమె భర్తకు అమ్మినట్టు, పూర్తి సొమ్ము ముట్టినట్టు రాసి ఉంది.

సగం చదివేసరికి నా కళ్ళు హద్దుల దగ్గర ఆగాయి. హద్దులు ఎవరు రాసినా తూర్పుతో మొదలుపెడతారు. ఇందులో దక్షిణంతో మొదలైంది. నేను జూనియరుగా ఉన్నప్పుడు అలా దక్షిణంతో మొదలుపెట్టి మా సీనియరు చేత తిట్లు తినేవాణ్ణి. అప్పుడు అక్షరాల వంక చూశాను. కాగితం అడుగున 'దస్తూరి' అన్నచోట రాసినవాడి సంతకం ఉంది. సంతకం కింద గీసిన గీత, గీత చివర పాముతోకలాంటి వంపు. కొత్తగా అడ్వకేటును అయినప్పుడు ఆ వంపు కుదరడానికి వారం రోజులు నోటుబుక్కు నింపాను.

మేనేజరు ఏదో అడుగుతున్నాడు, నాకు పెదాలు కదలడం కనిపిస్తోంది గానీ మాట వినబడటం లేదు. ఆమె మాట మాత్రం వినబడింది.

"మా ఆయన, నేను డ్యాం పనికి పొయ్యి నాలుగేండ్లు మట్టి మోసి కొన్నం సారూ. పాలమూరుల ఒక చిన్న వకీలు రాసిచ్చిండు. రిజిస్ట్రీ గిట్ల చేపియ్యాల్నా అని మా ఆయన అడిగిండు. ఏమక్కర లేదు, గీ కాయితం చాలు, ఎవడొచ్చినా గిది చూపియ్యి అన్నడు."

జూనియరు అడిగింది. "అవ్వా, తెల్లకాగితాలను పక్కా చేస్తమని గవర్నమెంటు దరఖాస్తులు తీసుకుంది కద. నువ్వు పెట్టలేదా?"

"మావోళ్ళు పెడదామన్నరు బిడ్డా. నేనే వద్దన్న. వకీలే చాలన్నంక మల్ల దర్కాస్తు ఎందుకు అన్న."

నన్ను ఎవరైనా చెంప మీద కొట్టినా అంత అదిరేవాణ్ణి కాదు. పనికిరాని కాగితం రాయడం ఒక తప్పు. ఆ తప్పు దిద్దుకునే దారి తర్వాత ఒకటి దొరికితే, దాన్ని కూడా నా మాటే మూసేసింది.

"గా సారు ఉన్నడో పొయ్యిండో" అంది ఆమె నన్నే చూస్తూ. "ఉంటే అచ్చి చెప్తుండె."

అప్పుడు నేను చెప్పాలి. నేనేనమ్మా అనాలి, అంతే. పక్కన మేనేజరు ఉన్నాడు, బ్రోకరు ఉన్నాడు, ఊరి జనం ఒక పాతికమంది చేరారు. నేను కాగితం ఆమెకు తిరిగి ఇచ్చేశాను. "ఇవాళ్టికి పని ఆపండి" అని మేనేజరుకు చెప్పి కారెక్కాను.

భూత్పూర్ మలుపు దగ్గర కారు నెమ్మదించినప్పుడు మా జూనియరు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ సంతకం నేను మూడేళ్ళ నుంచి రోజూ చూస్తున్న సార్" అంది. నేను ఊఁ అన్నాను.

ఆ దంపతుల ముఖాలు గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా నాకు గుర్తు రాలేదు. మా సీనియరు ఇంటి మెట్ల కింద నా బల్ల ఉండేది. ఆదివారాలు పటేళ్ళు, వాళ్ళ వెంట కొనేవాళ్ళు బస్సు దిగి వచ్చేవారు. రిజిస్ట్రీ అంటే మళ్ళీ ఇంకో రోజు రావాలి, పటేలుకు బస్సు టైమవుతోంది, నాకూ ఆకలవుతోంది. చాలు అంటే అందరూ సంతోషంగా లేచి వెళ్ళేవారు. రిజిస్ట్రీ కాని అమ్మకం అమ్మకమే కాదని నాకు తెలియక కాదు. లా కాలేజీలో ఆ పేపరులో మా క్లాసులో ఎక్కువ మార్కులు నావే. ఊళ్ళ నుంచి వచ్చిన పెద్దవాళ్ళు చేతులు కట్టుకుని సారూ అని అడుగుతుంటే చాలు అనడం నాకు గొప్పగా ఉండేది. అసలు భయం ఆ తర్వాత పట్టుకుంది. మెట్ల కింద కూర్చున్న ఆ రెండేళ్ళలో అలాంటి కాగితాలు ఎన్ని రాశానో నాకే లెక్క తెలియదు. ఎన్ని ఇళ్ళలో ఎన్ని సంచుల్లో నా సంతకం భద్రంగా ఉందో!

మూడు రోజులు ఆఫీసులో తలుపు వేసుకుని కూర్చున్నాను. వకీలు బుర్ర చెడ్డది, తన పని తాను చేసుకుపోతుంది. అది చెప్పే లెక్క ఇది. అమ్మిన పటేలు పోయాడు, కొన్నాయన పోయాడు, సాక్షులిద్దరూ పోయారు. ఆ కాగితం ఆమెకు హక్కు ఇవ్వకపోయినా, ఆమె ఎప్పటి నుంచి, ఎలా ఆ భూమి మీద ఉందో చెప్పడానికి పనికొస్తుంది. అయితే అది దొంగ కాగితం కాదని చెప్పేవాడు ఒకడు కావాలి. అలాంటివాడు బతికున్నది నేనొక్కణ్ణే. నేను నోరు మూసుకుంటే కంపెనీ గెలుస్తుంది, నా ఒపీనియన్ కూడా ఎప్పటిలాగే తప్పు కాకుండా మిగులుతుంది.

నాలుగో రోజు జూనియరు లోపలికి వచ్చి, ఎర్రపెన్నుతో కొట్టేసిన చిత్తుప్రతిని బల్ల మీద పెట్టింది.

"మనం కంపెనీ వైపు కద సార్, ఆ అవ్వ కేసు మనం తీసుకోరాదు. వేరే వకీలు ఉన్నారని ఆమెకు చెప్పించిన. ఆయన స్టే కోసం వేస్తున్నరట." ఆ చిత్తుప్రతిని నా ముందుకు జరిపింది. "రాసినాయన కోసం వెతుకుతున్నరు సార్."

ఆ మధ్యాహ్నమే కంపెనీకి ఉత్తరం రాశాను. నా ఒపీనియన్ తప్పు, ఆ కాగితం రాసింది నేనే, ఇక మీ తరఫున ఉండలేను అని. "మీరే రాశారా సార్?" అని మేనేజరు ఫోనులో రెండుసార్లు అడిగాడు. పటేలు కొడుకైతే ఆఫీసుకే వచ్చాడు. "మా బాపు మీ సీనియర్ సాబుకు ఎన్ని కేసులిచ్చిండు! ఇప్పుడు మా మీదనే సాక్ష్యమా?" అని అరిచి, కుర్చీ తన్ని వెళ్ళిపోయాడు. ఆ ముసలామె వకీలుకు కూడా విషయం చెప్పాను. ఆమెకు మాత్రం నేను వెళ్ళి చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే నెలలు గడిచాయి. సమన్లు వచ్చాక ఎలాగూ తెలుస్తుందిలే అనుకున్నాను.

బోనులో నిలబడటం నాకు అదే మొదటిసారి. ఎదుటి వకీలు మా క్యాంటీన్ మనిషే, నాతో రోజూ చాయ్ తాగేవాడు. నా కళ్ళలోకి చూడకుండా మొదలుపెట్టాడు.

"ఈ కాగితం రాసిన నాటికి మీరు లా పాసయ్యారా?"

"అయ్యాను."

"రిజిస్ట్రీ లేకుంటే ఇది చెల్లదని అప్పటికి మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి కూడా ఈ కాగితం చాలని వాళ్ళకు చెప్పారా?"

"చెప్పాను. తెలిసే చెప్పాను."

నా మాట అబద్ధమని తేల్చడానికి వేసిన ప్రశ్న అది. అవునంటానని అతను అనుకోలేదు. తర్వాతి ప్రశ్న కోసం కాగితాలు తిరగేశాడు. జడ్జిగారు పెన్ను ఆపి తలెత్తారు. వెనక బెంచీల్లో మా బార్ వాళ్ళు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నారు. వాళ్ళ వెనకాల గోడకు ఆనుకుని ఆ ముసలామె నిలబడి ఉంది.

వరండాలో నాకోసం ఆగింది. దగ్గరికి వచ్చి నా ముఖం కింది నుంచి పైకి చూసింది.

"గా చిన్న వకీలువు నువ్వేనా?"

"నేనేనమ్మా. తప్పయిపోయింది."

"అప్పుడు సన్నగుంటివి. అందుకే ఆనలే, గుర్తు వట్టలే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అప్పుడంటే చిన్నోనివి, ఏదో అన్నవు. మరి నా చేనుల నిలవడి, గీ కాయితం చేతుల వట్టుకుంటివి గద సారూ. గప్పుడెందుకు చెప్పలే?"

నేను ఆమె చెప్పులు చూస్తూ నిలబడ్డాను. ఆమె కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

తర్వాత కంపెనీ రాజీకి వచ్చింది. గోదాము నక్షా మార్చుకుని, ఆ రెండెకరాలు, రోడ్డు నుంచి బాట ఆమె పేరు మీద రిజిస్ట్రీ చేసిచ్చింది. నేను అప్పటికి ప్రాక్టీసు ఆపేశాను. ఫైళ్ళన్నీ మా జూనియరుకు అప్పజెప్పాను. అయినా రిజిస్ట్రీ రోజు ఎవరూ పిలవకపోయినా, ఇప్పుడు పొలాల రిజిస్ట్రీ జరిగే తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళి, తలుపు పక్కన బెంచీ మీద కూర్చున్నాను. వేలిముద్రలు, ఫోటో అన్నీ అయ్యాయి. ఆమె కొత్త కాగితాలు పట్టుకుని బయటికి వచ్చింది. చదివి చెప్పమంటుందేమోనని నేను కళ్ళద్దాలు తీసి పెట్టుకుని లేచాను.

ఆమె నా ముందు నుంచి నడుచుకుంటూ వెళ్ళి, తనకు తోడుగా వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డ మా జూనియరు దగ్గర ఆగింది.

"బిడ్డా, మొత్తం చదువు."

ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. సర్వే నంబరు, నాలుగు హద్దులు, బాట వెడల్పు, అన్నీ వేలు పెట్టి చూపిస్తూ చదివింది. తర్వాత రెండోసారి చదివింది. ఆమె విసుక్కోకుండా వింది.

"గిది చాలునా?"

"ఇప్పుడే చాలు అనను అవ్వా. పాసుబుక్కు పోస్టుల వస్తది. అందుల నీ పేరు, రెండెకరాలు సరిగ్గ పడ్డయో లేవో నాకు తెచ్చి చూపియ్యి. చూసినంక చెప్త."

ఆమె తల ఊపి, కాగితాలు సంచిలో పెట్టుకుంది.

"గట్ల చెప్పాలె బిడ్డా" అంది. నా వైపు చూడలేదు.

నేను కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాను.